నలభై దగ్గర గీత

విజయకుమార్‌కు నూటికి పదకొండు మార్కులు వచ్చాయి. బళ్లో అయితే ఆ మార్కులకు చెవి మెలిపెట్టి బెంచీ ఎక్కించేవాళ్లు. ఈ పరీక్షలో మాత్రం ఎంత తక్కువ వస్తే అంత గొప్ప. టీబీ రోగి మాత్రలు మధ్యలో మానేస్తాడా, చివరిదాకా మింగుతాడా అని కంప్యూటర్ వేసే మార్కు ఇది. నలభై దగ్గర ఒక గీత ఉంటుంది. గీత దాటినవాణ్ణి నమ్మడానికి లేదు, వాడి ఇంటికి మనిషిని పంపాలి. గీత లోపలివాడు బుద్ధిమంతుడు, వాడి మానాన వాణ్ణి వదిలేయవచ్చు. ఇక పదకొండు వచ్చినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ మార్కులు వేసే లెక్కను కట్టింది విజయకుమార్ సొంత అక్క కూతురు సునయన. వయసు ముప్పై రెండు. చెన్నైలో ఒక పరిశోధన సంస్థలో గణితం మనిషి. జబ్బు ఎలా పాకుతుంది, మందు ఎవరికి పనిచేస్తుంది, ఎవరు మధ్యలో చేతులెత్తేస్తారు అన్న సంగతులను సమీకరణాల్లో ఇరికించడం ఆమె ఉద్యోగం. ముత్తాతల కాలం నుంచి మద్రాసులోనే ఉన్న కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లిషు మాట్లాడుతూ పెరిగింది. ఐదేళ్లు కళ్లు కాయలు కాచేలా కూర్చుని కట్టిన ఆమె మోడల్ నూటికి తొంభై నాలుగుసార్లు సరిగ్గా చెప్పేది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఈ పిల్ల కాకికే కాదు, అందరికీ ముద్దొచ్చింది. నగరంలో తొమ్మిది టీబీ సెంటర్లు నడిపే ఒక ట్రస్టు దాన్ని అడిగి మరీ తీసుకుంది. ఇళ్లకు తిరిగే మనుషులను ఏటా తగ్గించుకుంటూ వస్తున్న ట్రస్టుకు, ఏ ఇంటికి వెళ్లనక్కర్లేదో చెప్పే యంత్రం కంటే ఇంకేం కావాలి?

మోడల్‌కు మేత కావాలి, ఆ మేత పాత రోగుల కార్డులు. ఒక్కో కార్డులో రోజుకో గడి ఉంటుంది. రోగి వచ్చి మాత్ర మింగితే టిక్కు, రాకపోతే సున్నా. ఎనిమిది సెంటర్ల కార్డులు చూసి సునయనకు ఏడుపొచ్చింది. సగం చిరిగినవి, సగం టీ మరకలు, నెలలకు నెలలు ఖాళీ గడులు. కోడంబాక్కం సెంటర్ కార్డులు మాత్రం ముత్యాలు పేర్చినట్టు ఉన్నాయి. ఐదేళ్లలో మూడు వందల నలభై మంది రోగులు, సున్నాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిని రాసింది మునియక్క.

మునియక్కకు యాభై ఎనిమిదేళ్లు. చదువు ఎనిమిదో తరగతి. మాత్రలు మింగించడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. ఆ పనిలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. పొద్దు గూకేదాకా ఎవరి గడిలోనూ సున్నా పెట్టకూడదు. సాయంత్రం సెంటర్ తలుపు వేశాక, ఆ రోజు రానివాళ్ల మాత్రలు కొంగున ముడేసుకుని ఇళ్లకు బయలుదేరేది. లైట్లు మోసే కూలీలు, టి. నగర్ చీరల కొట్లలో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలు, తాగి పడుకున్న ఒంటరివాళ్లు, అందరి ఇళ్లూ ఆమెకు తెలుసు. ముందు ఏదో ఒకటి తినిపించేది. మాత్ర మింగించేది. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేది. మర్నాడు పొద్దున వచ్చి ముందు రోజు గడిలో టిక్కు పెట్టేది. వరసగా మూడు రోజులు రానివాడి ఇంటికే వెళ్లమని రూలు. తొలిరోజు సాయంత్రమే వెళ్లమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సున్నా పడ్డవాణ్ణి సెంటర్లో పురుగును చూసినట్టు చూస్తారని, అలా చూశాక వాడు మళ్లీ రాడని ఆమెకు తెలుసు, అంతే. మాత్ర సెంటర్లో మింగాడా, ఇంట్లో మింగాడా అని రాసే చోటు మాత్రం కార్డులో లేదు.

సునయన ఈ కార్డులను ఫోనులో ఫొటోలు తీసుకోవడానికి వెళ్లిన రోజు మునియక్కను అడిగింది కూడా.

"ఇంత క్లీన్‌గా ఎట్లా ఉండాయక్కా ఇవి?"

"రానోళ్ల ఇంటికి నేను పోతా కదమ్మా. ఆడ కూర్చోని మింగిస్తా. లేకుంటే దీంట్లో సగం సున్నాలేదాన్." మాటను నొక్కడానికి చివర ఒక "దాన్" తగిలించడం మద్రాసు తెలుగు అలవాటు.

"ఎన్నిసార్లు పోతారు?"

"దానికేం లెక్క. పోవాల్సినప్పుడల్లా పోతా. ఏ దినం ఎవరింటికి పోయినానో డైరీలో రాసి పెట్టుకోనుండా. సూస్తావా?"

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. ఇంకా నూట పది కార్డులు మిగిలి ఉన్నాయి. నాలుగింటికి సునయనకు ఆఫీసులో మీటింగు. "ఇంకోసారి చూస్తానక్కా" అంది. ఆ ఇంకోసారి రాలేదు. ఆరు నెలల తర్వాత అచ్చయిన పేపర్లో, చివరి పేజీలో, ఇళ్లకు వెళ్లిన వివరాలు అందుబాటులో లేవు అని ఒక వాక్యం రాసింది. చేతికిస్తానన్న డైరీని తీసుకోకుండా అందుబాటులో లేదని రాయడానికి ఎంత చదువు కావాలో చూడండి.

మోడల్ ఆ కార్డులు తిని ఒక వింత సంగతి కనిపెట్టింది. ఒంటరిగా ఉండే మగవాళ్లు, తాగేవాళ్లు, రోజుకూలీలు, వీళ్లే అందరికంటే నమ్మకంగా మాత్రలు మింగుతున్నారని చెప్పింది. లోకంలో ఎక్కడా లేని విడ్డూరం. సునయన తన పై అధికారి ఫణీంద్రకు చూపించింది. ఫణీంద్ర కాకినాడ నుంచి వచ్చి నాలుగేళ్లయింది. మంచివాడే, కాకపోతే ఏ అంకెను చూసినా దానికో కారణం చెప్పందే నిద్రపట్టని మనిషి.

"ఇందులో విడ్డూరమేముందమ్మా?" అన్నాడాయన. "ఒంటరివాడికి చూసేవాళ్లుండరు. అందుకే ప్రాణభయం ఎక్కువ. మందులు వాడే జాగ్రత్తగా వేసుకుంటాడు. ఇది మన పేపరుకి మంచి పాయింటండీ బాబూ."

పేపర్లో అది మంచి పాయింటే అయింది. ఒంటరి తాగుబోతుల వెనకాలే మునియక్క ఎక్కువ తిరిగేదని, వాళ్ల గడుల్లో టిక్కులన్నీ ఆమె నడిచి నడిచి తెచ్చినవని మోడల్‌కు ఎలా తెలుస్తుంది? ఆ సంగతి చెవిన పడ్డ మనిషి ఒకతె ఉంది. ఆమెకు మీటింగు ఉంది.

విజయకుమార్‌కు జబ్బని జూన్‌లో తెలిసింది. యాభై మూడేళ్లవాడు, సినిమా సెట్లు కట్టే వడ్రంగి. కోడంబాక్కం స్టేషన్ వెనక ఒక మిద్దె మీద గదిలో ఒంటరిగా ఉండేవాడు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, దొంగ పెళ్లిళ్లకు మంటపాలు కట్టీ కట్టీ మొహం మొత్తిందనేవాడు. పని ఉన్న రోజు కాస్త తాగేవాడు, పని లేని రోజు ఇంకాస్త. సునయనకు లెక్కలు మొదట నేర్పింది ఆయనే. చిన్నప్పుడు సెట్టుకు తీసుకెళ్లి, మేకుల డబ్బా ముందేసి, పదేసి చొప్పున కుప్పలు పెట్టమనేవాడు. పిల్ల వంద కుప్పలు పెడితే చుట్టుపక్కల అందరినీ పిలిచి చూపించేవాడు. తరవాత ఆమె పెద్ద చదువు చదివి మోడల్ కడుతున్నానంటే నవ్వాడు.

"నేనూ అదేదాన్ పాపా చేసేది. సెట్టు కట్టే ముందు అట్టతో చిన్న మోడల్ చేసి డైరెక్టరుకు సూపిస్తాము. నాది అట్ట, నీది లెక్క. కెమెరా సూసే పక్కన మాత్రం రంగు బాగుండాల, వెనకాల ఏముంటే ఏంది."

"నాది అట్లా కాదు మామా" అంది సునయన, కొంచెం రోషంగానే.

ఆమే ఆయన్ను కోడంబాక్కం సెంటర్లో చేర్పించింది. తన కార్డుల ప్రకారం నగరంలో అన్నిటికంటే మంచి సెంటర్ అదే కదా. మొదటి రెండు నెలలు మునియక్క చేతి మీదుగా నడిచాయి. ఆ మాత్రలు పడక ఆయనకు కడుపులో తిప్పేది, వాంతి అయ్యేది. సెట్టులో పరంజా ఎక్కి పనిచేసే మనిషికి పొద్దున పూట అది కుదరదు. వారంలో మూడు నాలుగు రోజులు ఎగ్గొట్టేవాడు. సాయంత్రం మునియక్క ఇడ్లీ పొట్లంతో మిద్దె మెట్లెక్కి, ఆయన్ను నాలుగు తిట్టి, తినిపించి, మింగించి దిగేది. రెండు నెలల్లో ఐదు కిలోలు పెరిగాడు. దగ్గు తగ్గింది. కార్డులో ఒక్క సున్నా లేదు.

ఆగస్టులో మోడల్ తొమ్మిది సెంటర్లలో అమలుకొచ్చింది. విజయకుమార్ ఒంటరివాడు, తాగేవాడు, రోజుకూలీ, అరవై రోజుల్లో ఒక్క సున్నా లేనివాడు. మోడల్ ఆయన్ను చూసి మురిసిపోయి పదకొండు వేసింది. గీత లోపలివాళ్లు ఇక రోజూ సెంటరుకు రానక్కర్లేదు, నెలనెలా పరీక్షకూ రానక్కర్లేదు. రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చేస్తారు. మాత్రల అట్టకు వెనక ఒక కవరు ఉంటుంది. మాత్ర నొక్కి బయటికి తీస్తేనే దాని వెనక దాగిన ఫోన్ నంబరు కనిపిస్తుంది. ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే కంప్యూటర్లో ఆ రోజు గడి పచ్చబడుతుంది. ఇవ్వకపోతే ఎర్రబడుతుంది.

మునియక్కకు స్టోరు గదిలో మాత్రల పెట్టెలు లెక్కపెట్టే పని ఇచ్చారు. ఆ వారంలో సునయన సెంటరుకు వచ్చినప్పుడు ఆమె వరండాలో ఆపింది.

"మీ మామకు పదకొండంట కదమ్మా."

"అవునక్కా."

"వారానికి నాలుగు దినాలు నేను పోయి మింగిస్తా ఉండా. పదకొండు ఎట్లొచ్చింది?"

"కార్డులో ఒక్క సున్నా కూడా లేదక్కా. అందుకే."

"సున్నా ఎందుకు లేదు? నేను పోబట్టిదాన్ లేదు." మునియక్క గొంతు తగ్గించింది. "సరి, అది ఇడిసిపెట్టు. సాయంత్రం నా ఇంటికి పోయే దావలోదాన్ ఆయన గది. నా పాటికి నేను పోయొస్తా. ఆఫీసుకి సెప్పే పన్లేదు."

సునయన ఒక్క క్షణం తడబడింది. ఆ క్షణం తరవాత్తరవాత ఆమెకు చాలాసార్లు గుర్తుకొచ్చింది. కానీ అప్పుడు ఆమె నోట వచ్చింది వేరే మాట.

"వద్దక్కా. ఈ ఆరు నెలలు టెస్టు నడుస్తా ఉంది. లిస్టులో లేనోళ్ల ఇంటికి ఎవరన్నా పోతే, మోడల్ కరెక్టుగా చెప్పిందా లేదా అని తెలియదు. డేటా చెడిపోతుంది. మామ కోసం ఒకటి, బయటోళ్ల కోసం ఒకటి అని నేను చెయ్యకూడదు కదా."

"డేటా సెడిపోతుందా?"

"అవునక్కా. ఆయన గడులు నేను దినమూ చూస్తా ఉంటా. ఒక్కటి ఎర్రగా వస్తే నేనే పరిగెత్తుకోని పోతా."

"సరిమ్మా. సదువుకున్నదానివి" అని మునియక్క స్టోరు గదిలోకి వెళ్లిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే, ఆమె చేతి రాతలోంచి పుట్టిన యంత్రమే ఆమెకంటే ఎక్కువ తెలిసినదయింది.

ఆ ఆదివారమే సునయన మామ గదికి వెళ్లి, మిస్డ్ కాల్ ఎలా ఇవ్వాలో నేర్పింది. తన ఫోనులో ఆయన పేరు తెరిచి, మొదటి పచ్చ గడి చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు.

"దినమూ నీకు ఇది కనపడతాదా పాపా?"

"దినమూ పొద్దున్నే ముందు నీదే చూస్తా మామా."

"ఒక దినం ఇయ్యకుంటే?"

"ఎర్రగా వస్తుంది. నీ సొంత మామకే నీ మోడల్ తప్పు చెప్పిందే అని ఫణీంద్ర సార్ నన్ను చూసి నవ్వుతారు." ఆమె సరదాకి అంది. ఆయన నవ్వలేదు, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఎందుకు నవ్వుతాడు? నా గడి ఎర్రగా రాదులే" అన్నాడు.

రాలేదు కూడా. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, ప్రతి రోజూ ఎనిమిదీ పదికి మిస్డ్ కాల్ వచ్చేది. సునయన పళ్లు తోముకుంటూ ఫోను చూసుకుని తృప్తిపడేది. మీటింగుల్లో పేరు చెప్పకుండా ఆయన వరసను తెర మీద చూపించేది. ఒంటరివాడు, తాగేవాడు, పదకొండు మార్కులు, నూటికి నూరు రోజులూ పచ్చ. అందరూ తలలూపేవాళ్లు.

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం మామను చూడటానికి సెట్టుకు వెళ్లింది. రాజుగారి సభ కడుతున్నారు. ప్లైవుడ్ స్తంభాలకు పాలరాయి రంగు వేస్తూ ఒక మూల కూర్చుని ఉన్నాడు. చొక్కా వేలాడుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. మాట మధ్యలో రెండుసార్లు దగ్గి, థర్మకోల్ పొడి అన్నాడు.

"చిక్కిపోయినావు మామా."

"షెడ్యూలు టైటు పాపా. పండగ రిలీజంట. తినేదానికి టయం లేదు."

"మాత్రలు..."

"నీ ఫోన్లో సూడు."

ఆమె ఫోను తీసి చూసింది. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎదురుగా ఎముకలు తేలిన మనిషి కూర్చుని దగ్గుతుంటే, ఆమె ఫోను చూసి ధైర్యం తెచ్చుకుంది. షెడ్యూలు అయిపోయాక వారం రోజులు ఇంటికొచ్చి ఉండమని చెప్పి వచ్చేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాణ్ణి చూసి నవ్వుతాం గానీ, వాడైనా కుందేలును ఎదురుగా పెట్టుకుని అంత మాట అనడు.

నవంబరు రెండో వారంలో, పొద్దున పదకొండు గంటలకు, విజయకుమార్ పరంజా మీద దగ్గుతూ దగ్గుతూ రక్తం కక్కుకున్నాడు. పక్కనున్నవాళ్లు కిందికి దింపి, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, అక్క మంగళకు ఫోను చేశారు. సునయన తల్లిని వెంటబెట్టుకుని వెళ్లేసరికి ఆయనకు తెలివి లేదు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూస్తూ, మాత్రలు సరిగా వేసుకున్నాడా అని తమిళంలో అడిగాడు. సునయన ఫోను ఆయన ముందు పెట్టింది. ఎనభై ఆరు పచ్చ గడులు. ఆ రోజుది కూడా, పొద్దున ఎనిమిదీ పదికి. డాక్టరు ఫోను వైపు ఒకసారి, ఎక్స్‌రే వైపు ఒకసారి చూసి, రెండు ఊపిరితిత్తుల్లోనూ మిగిలిందేమీ లేదమ్మా అన్నాడు. సాయంత్రం నాలుగింటికి మామ పోయాడు. లెక్క ప్రకారం ఇంకో ఇరవై రెండు రోజులకు ఆయన చికిత్స పూర్తి కావాలి.

పదకొండో రోజు అయ్యాక మంగళ తమ్ముడి గది ఖాళీ చేయడానికి వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చి, సునయన కూర్చున్న చోట ఒక రేకు డబ్బా బోర్లించింది. మేకుల డబ్బా. చిన్నప్పుడు కుప్పలు పెట్టిన డబ్బానే. లోంచి మేకులు రాలేదు. ఎర్రమట్టి రంగు మాత్రలు బండల మీద గలగలా దొర్లాయి.

"దినమూ సూస్తా ఉండానంటివే" అంది మంగళ. ఇంకో నాలుగు మాటలు అన్నా బాగుండేదని సునయనకు అనిపించింది.

సునయన నేల మీద కూర్చుని మాత్రలు కుప్పలు పెట్టింది. పదేసి కాదు, రోజుకు మూడు చొప్పున. రెండు వందల పంతొమ్మిది మాత్రలు. డెబ్బై మూడు రోజులు. ఎనభై ఆరులో డెబ్బై మూడు పోతే పదమూడు. మునియక్క రావడం మానేశాక ఆయన మింగింది పదమూడు రోజులు. తక్కిన డెబ్బై మూడు రోజులూ మాత్ర నొక్కి, నంబరు చూసి, మిస్డ్ కాల్ ఇచ్చి, మాత్రను డబ్బాలో వేసి పనికి పోయాడు. కెమెరా చూసే పక్కకు రంగు బాగుండాలి కదా. ఆ కెమెరా తానే. అది అర్థమయ్యాక ఆమెకు ఏడుపు ఆగలేదు, సిగ్గు కూడా ఆగలేదు.

మర్నాడు మునియక్క పలకరింపుకు వచ్చింది. బండల మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగకుండా చేత్తో పట్టుకుంది.

"దీపావళి ముందర బజారులో కనపడినాడమ్మా. మాత్రలు ఏసుకుంటా ఉండావా అని అడిగినా. పాప దినమూ పొద్దున నన్ను సూసుకునేదాన్ పనికి పోతాదక్కా, దాని లెక్కలో నేను పచ్చగా ఉండాల అన్నాడు. మింగతా ఉండాడనే అనుకున్యా. ఇంటికి పోయుంటే నోరు తెరిచి సూసేదాన్ని."

"నేనే వద్దన్నా" అంది సునయన.

"నువ్వు వద్దన్నావు. నేను ఇనుకున్యా. నాకూ బుద్ధి లేదు." మునియక్క సంచీలోంచి ఐదు డైరీలు తీసి పక్కన పెట్టింది. ఏ దుకాణమో ఊరికే పంచిన డైరీలు, ఏడాదికొకటి. "అప్పుడు సూస్తానంటివి కదా."

సునయన ఆఫీసుకు వెళ్లి, నెలన్నర పాటు వేరే పని ముట్టకుండా ఆ ఐదు డైరీలనూ ఒక్కో పేజీ కంప్యూటర్లోకి ఎక్కించింది. ఏ తేదీ, ఎవరి ఇల్లు, ఏం తిన్నాడు, మింగాడా, కక్కాడా. ఐదేళ్ల సాయంత్రాల్లో ఎనిమిది వేల తొమ్మిది వందల పైచిలుకు సార్లు ఎవరో ఒకరి ఇల్లు తొక్కింది. ఇల్లు తొక్కిన రోజుకు ఒక గడి కొత్తగా చేర్చి, మోడల్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టింది. ఒంటరి తాగుబోతుల ప్రాణభయం ఎగిరిపోయింది. వాళ్లే అందరికంటే ముందు మానేసేవాళ్లు. వాళ్లను నిలబెట్టింది మునియక్క రాకపోకలు తప్ప మరొకటి కాదు. ఇంటికి ఎవరూ రాకపోతే ఎంత అని విజయకుమార్ పేరు మీద అడిగింది. ఎనభై మూడు అని వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఈ ఆకులేమో మొదటి రోజే చేతికివ్వబోయినవి.

ఆ అంకె పట్టుకుని ఫణీంద్ర గదికి వెళ్లింది. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. తెర మీద అంకెలు రెండుసార్లు చూశాడు. ఎదురు చెప్పలేదు, అదీ ఆయన గొప్పే.

"నువ్వు చెప్పింది కరెక్టేనమ్మా. పాత మోడల్ తప్పు. ట్రస్టువాళ్లకి నేనే రాస్తాను" అన్నాడు. "కానీ ఒక్క మాట. కొత్తదాని ప్రకారం నలభై దాటినవాళ్లు ఎంతమంది?"

"తొమ్మిది సెంటర్లలో ఆరు వందల పన్నెండు మంది ఉన్నారు సార్. దాటినవాళ్లు నాలుగు వందల ముప్పై ఎనిమిది."

"ఇళ్లకి తిరిగేవాళ్లు?"

"ఆరుగురు."

ఫణీంద్ర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ట్రస్టు మీటింగు జనవరిలో జరిగింది. సునయన లేచి అంతా చెప్పింది. డబ్బా సంగతి చెప్పింది, మామ సంగతి చెప్పింది, మునియక్కను వద్దన్నది తానేనని కూడా చెప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు సానుభూతిగా విన్నారు. ఒకాయన మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. మునియక్కలాంటివాళ్లను మళ్లీ పనిలో పెట్టుకోవాలని ఆమె అంటే, ఆ పోస్టులు ఎత్తేసి ఐదు నెలలైందని, తిరిగి తెచ్చే దారి లేదని చెప్పారు. మోడల్ ఇప్పుడు ఇంకా మెరుగైంది కాబట్టి అంబత్తూరులో తెరవబోయే కొత్త సెంటర్లో కూడా పెడదామన్నారు. ఆరుగురూ కలిసి యాభై, యాభై రెండు ఇళ్లకు మించి తిరగలేరు. కాబట్టి గీతను నలభై దగ్గర నుంచి తొంభై దగ్గరికి జరుపుదామన్నారు. తొంభై దాటినవాళ్లు యాభై ఒక్క మంది. సరిగ్గా సరిపోయింది.

"ఎనభై, ఎనభై ఐదు వచ్చినవాళ్లు కూడా మానేస్తారు సార్" అంది సునయన.

గ్లాసు జరిపినాయన చాలా మర్యాదగా అడిగాడు. "ఈ యాభై ఒక్క మందిలో ఎవరి పేరు తీసేసి వాళ్లను చేర్చమంటారమ్మా?"

లెక్కలో దానికి జవాబు ఉండదని ఆమెకు తెలుసు.

సాయంత్రానికి కొత్త జాబితా తయారై, సరిచూసి సంతకం పెట్టమని ఆమె కంప్యూటరుకే వచ్చింది. చనిపోయినవాళ్ల పేర్లు ఇంకా తీయలేదు. ఆమె వెతికింది. విజయకుమార్, యాభై మూడేళ్లు, ఒంటరి, వడ్రంగి, కోడంబాక్కం. మార్కు ఎనభై మూడు. పక్కన పచ్చ చుక్క. ఇంటికి వెళ్లనక్కర్లేదు.